బారూఖ్ అత్తా

పొద్దుగూకే యాళకి మా కోడలు తిర్సా
నెత్తిన చెంగేసుకొని, అగ్గిపుల్ల గీసి
"బారూఖ్ అత్తా" అనింది.
"ఏందే?" అన్నా.
పిలిస్తే పలకాల గదా.
మనవరాలు నోటికి చెయ్యడ్డం పెట్టుకొని
నవ్వతా ఉండాది.

చేబ్రోలు పక్క పిల్ల. ఏటా ఈ పండక్కి పుట్టింటికి పొయ్యేది.
ఈ ఏడు తుపాను, బస్సుల్లేవు.
ఈడే చేసుకుందాం లేవే, ఏమేం కావాల?
తొమ్మిది దీపాలు, నూనె, ఒక బొంగరం.
అది పండగా, పిల్లకాయల ఆటా?
రెండూనంట.

మా పొదలకూర్లో చలికాలం నిమ్మకాయని అడిగే నాథుడుండడు.
మా మాలకొండయ్య యార్డునించి సంచెడు మోసకొచ్చినాడు.
అమ్మోరికి శుక్రవారం పెట్టినట్టే
కోసి, పిండి, డిప్ప తిరగేసి ఒత్తేసినా.
"ఇందులో పెట్టొచ్చా?" అని తిర్సా తననే అడుక్కొని
తనే తలూపింది.
ఎనిమిది రేతుర్లకి నలభైనాలుగు ఒత్తులంట,
చిన్నది గోడమీద బొగ్గుతో లెక్కేసింది.
ఇరవైరెండు కాయలు,
ఎనిమిది పూట్లా నిమ్మకాయ పులిహోర, ఉర్లగడ్డ అట్లు.
నాలుగోనాటికే మావోడు పులిహోరకి దండం పెట్టినాడు.

కాయల నెట్టుసంచి కత్తిరిస్తే ఎర్రతోరణం.
ఆరు చీపురుపుల్లలు కట్టి, గంజి పూసి
సైదాపురం అభ్రకం పొడి అద్దితే నక్షత్రం.
ఆరు మూలలు చూసి
ఇది మా ముగ్గే గదే, అన్నా.
"కాదు, మాదే" అనింది చిన్నది.
ముగ్గేసేటప్పుడూ అదే మాట అంటాది, దొంగది.
బళ్ళో ఎస్తేరు, నాకాడ చెంగమ్మ.

బొంగరం ఉదయగిరి గరిటెలాయన చెక్కిచ్చినాడు.
తాడు లేదు, వేళ్ళతోనే తిప్పాల,
నాలుగు మొహాలకీ నాలుగు అచ్చరాలు.
తెలుగచ్చరాలే రాని దాన్ని,
నా గుర్తులు నేను పెట్టుకున్నా:
కొక్కెం పడితే ఏం రాదు.
కాలు చాపుకున్నది పడితే శెనక్కాయలన్నీ నాయే.
గుమ్మం పడితే సగం.
మూడుకొమ్మల పంగలకర్ర పడితే నేనే కట్టాల.
మూడాటలకే ఒడి నిండింది.
"నాయనమ్మ వేలితో ఆపతా ఉంది!"
ఆపినా. అయితే ఏం?

ఎనిమిదిటినీ ఒక వరసన పెట్టి
తొమ్మిదోదాన్ని మాత్రం
పీటమీద, ఎత్తున పెట్టింది తిర్సా.
"అదెవురే, పెద్దయ్యా?"
"కాదత్తా, పనిమనిషి. మిగతావోటిని ఎలిగిచ్చేది."

ముప్పయ్యేళ్ళు యార్డులో కాయలేరినా,
నేలమీద గొంతుక్కూచోని.
ఇంకోసారి చూసినా దానెక్క.
నూనె చాలినట్టు లేదు, పోసినా.

ఎదురింటి మస్తానమ్మ వాకిట్లోకొచ్చి
"కార్తీకం పోయిందిగా వదినా?" అనింది.
"మాకీ ఏడు అధిక కార్తీకంలే, రా, అట్టు తిను."

ఒకనాటి నూనె ఎనిమిదినాళ్ళు ఎలిగిందంట వాళ్ళ గుళ్ళో.
ఇవి ఎలిగినంతసేపు
ఆడోళ్ళు పని ముట్టుకోకూడదు కూడానంట.
ఆ ముక్క ముందే చెప్పబళ్ళా!
నూనె ఎట్టా ఎలిగిందో నాకు తెలిసిపోయింది:
ఆడ ఎవురో అత్తుండుంటాది,
ఎవురూ చూడకుండా డబ్బా వంచుంటాది.
వంచినా నేనూ.
లోపల మాలకొండయ్య గిన్నెలు తోముతుండాడు,
సద్దు చూస్తే అట్లపెనం కాడికొచ్చినట్టుండాది.
మేమిద్దరం కాళ్ళు చాపుకొని కూచున్నాం.

ఆఖరినాడు చిన్నది ఉండబట్టలేక చెప్పేసింది.
"నాయనమ్మా, అత్తా అంటే నువ్వు కాదు.
వాళ్ళ భాషలో అత్తా అంటే ‘నువ్వు’ అని.
దేవుణ్ణి అనేది."
"నువ్వంటే నేను కాకపోతే ఇంకెవురే?
అయినా దేవుణ్ణి పట్టుకొని నువ్వేంది, మీరు అనగూడదా?"
తిర్సా అగ్గిపుల్ల పట్టుకొనే నవ్వింది,
వేలు కాలిందాకా.

మళ్ళీ గీసింది.
"బారూఖ్ అత్తా..."
"ఆఁ" అన్నా.
ఆయనకి వినబడినా వినబడకపోయినా
ఈడొకరు పలికినట్టుంటాది.